పాత ల్యాప్‌టాప్, సందు చుక్క ముగ్గు: మూడేళ్లు వాడాక

పాప మూడో తరగతిలో ఉండగా సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాం. 4 జీబీ ర్యామ్‌ది. హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌లో పాత కంప్యూటర్లకి సరిపోయే తేలికైన రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎక్కించాను. ఇప్పుడు పాప ఆరో తరగతి, బాబు ఒకటో తరగతి. ఇద్దరికీ అదొక్కటే కంప్యూటర్. సాఫ్ట్‌వేర్‌కి ఇంతవరకు రూపాయి ఖర్చు కాలేదు.

మొదటి రోజు వైఫై పనిచేయలేదు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ అందులోనే దొరికింది. లినక్స్ అంటే భయపడేవాళ్లు ఈ ఒక్క గంట ఓపిక పడితే చాలు.

బాబు మౌస్ పట్టుకోవడం నేర్చింది జీకాంప్రీ అనే చిన్నపిల్లల ఆటల ప్రోగ్రామ్‌లో. 2000లో మొదలైన ప్రాజెక్టు ఇది, ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే కేడీఈ వాళ్ల దగ్గర ఉంది. ఆ పేరు పలికితే ఫ్రెంచిలో ‘నాకు అర్థమైంది’ అన్నట్టు వినిపిస్తుందట. తెర మీద గళ్లని మౌస్‌తో తుడుస్తూ పోతే వెనక దాగిన బొమ్మ బయటపడుతుంది. ఆ ఆటతోనే వాడి చెయ్యి కుదిరింది. మధ్యలో యాడ్స్ రావు, కొనమని అడగదు. వాడిని దాని ముందు కూర్చోబెట్టి నేను వంటింట్లోకి వెళ్లగలిగాను. నాలుగేళ్ల పిల్లాడున్న తల్లికి ఇది చిన్న విషయం కాదు.

బొమ్మలు వేసుకునే టక్స్ పెయింట్ ఇద్దరికీ ఇష్టం. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. సేవ్ నొక్కితే ఫైల్ పేరు అడగదు, తన దగ్గరే దాచుకుంటుంది. పిల్లలకి అది హాయి, నాకు మాత్రం వెతుకులాట అయింది. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి, బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి.

అసలు చదువు స్క్రాచ్‌తో మొదలైంది. రంగు దిమ్మెల్ని ఒకదానికొకటి తగిలించి పిల్లలు ప్రోగ్రామ్‌లు రాసుకునేది అది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది. వాళ్ల డెస్క్‌టాప్ యాప్ లినక్స్‌కి లేదు, అందుకని నెట్ లేనప్పుడు స్క్రాచ్ లాంటిదే అయిన టర్బోవార్ప్ వాడతాం.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చింది. వాకిట్లో ముగ్గు వేస్తూ ‘ఏడు నుంచి నాలుగు, సందు చుక్క’ అంది. పాప అక్కడే ఆగిపోయింది. “అమ్మమ్మా, మళ్లీ చెప్పు.” “నడిమిట్ల ఏడు పెట్టు బిడ్డా, అటు ఇటు ఒక్కోటి తగ్గించుకుంట పో.” ఆ సాయంత్రమే స్క్రాచ్‌లో గీతలు, చుక్కలు వేసే ‘పెన్’ దిమ్మెలు కలుపుకొని కూర్చుంది. మొదటిసారి చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువుగా పడ్డాయి. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, “సందుల్ల పడలేదు” అంది. చుక్కకీ చుక్కకీ మధ్య 40 ఉంటే, తర్వాతి వరుస 20 పక్కకి జరిగి మొదలవ్వాలని పాపకి తట్టడానికి రెండు రోజులు పట్టింది. నేను చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఏడు వరుసలు, 37 చుక్కలు సరిగ్గా పడ్డప్పుడు అమ్మమ్మా మనవరాలూ కలిసి వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు.

స్క్రాచ్ తెర నడుమ సున్నా, ఎడమ అంచు మైనస్ 240, కుడి అంచు 240. బడిలో రుణసంఖ్యలు చెప్పకముందే పాపకి అవి చేతికి అలవాటయ్యాయి.

ఇబ్బంది వచ్చింది బడి ప్రాజెక్టులతో. ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే ఉచిత లిబ్రే ఆఫీస్‌లో చేసిన స్లైడ్లు బడి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు చెదిరిపోయాయి, పాప ఏడ్చింది. అప్పటినుంచి పీడీఎఫ్ కూడా చేసి పంపుతున్నాం. తెలుగు టైపింగ్‌కి మింట్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో ఎంచుకుంటే సరిపోతుంది. మా వరకు కంప్యూటర్ కోసం విడిగా ట్యూషన్ అవసరం పడలేదు. కాకపోతే మొదటి ఆరు నెలలు పక్కన కూర్చోవడం తప్పదు.

ఈ నెలలో పాప థానీ అనే ప్రోగ్రామ్ తెరిచి అదే ముగ్గుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తోంది. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే ‘రేంజ్’లో 4, 7 అని ఇచ్చింది. పైథాన్ ఆరు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి నడిమి వరుస మాయమైంది. ఎందుకో ఇంకా వెతుకుతోంది. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.