తాతల పేర్లు వెతకడానికి ఒడిశా భూలేఖ్ పనికొస్తుందా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు తెలుగు కుటుంబాలు వంశవృక్షం మొదలుపెడితే, పెద్దల్ని అడిగి రాసుకున్నాక ఇంట్లోంచి కదలకుండా చూడగలిగే రికార్డు ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటు. పైసా ఖర్చు లేదు. కాకపోతే అది భూముల కోసం పెట్టింది, మనుషుల్ని వెతకడానికి కాదు.

ఊరు తెలియకపోతే ఇందులో ఏమీ దొరకదు. జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకున్నాకే ఖతియాన్ (భూమి హక్కుల పత్రం) నంబరుతోనో, ప్లాటు నంబరుతోనో, రైతు పేరుతోనో చూడొచ్చు. పాత దస్తావేజులో గంజాం జిల్లా పర్లాకిమిడి అని ఉంటే గజపతి జిల్లా నొక్కాలి, కోరాపుట్ జిల్లా గుణుపురం అయితే రాయగడ. ఆ కొత్త జిల్లాలు 1992లో వచ్చాయి. ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఊళ్ళు 1936 దాకా గంజాంలోవే అయినా ఇప్పుడు శ్రీకాకుళం కింద ఉన్నాయి, వాటికి ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైటు మీభూమి చూడాలి.

అసలు సరుకంతా ఖతియాన్ మొదటి పేజీలో ఉంటుంది. పైన జమీందారు పేరు అనే గడి ఇంకా అలాగే ఉంది, అందులో ఒడిశా ప్రభుత్వం అని కనిపిస్తే కంగారు పడొద్దు. దాని కింద రైతు పేరు, తండ్రి పేరు, కులం, నివాసం ఒకేచోట ఉంటాయి. ఉమ్మడి ఆస్తయితే అన్నదమ్ముల పేర్లు వరసగా వస్తాయి. పేరు పక్కన ‘పి’ ఉంటే దాని తరవాతి పేరు తండ్రిది, ‘స్వా’ ఉంటే భర్తది. నివాసం దగ్గర వేరే ఊరు రాసి ఉంటే వదలొద్దు, తరవాత వెతకాల్సిన ఊరు అదే. పేరు మార్పించుకోని పట్టాలు బోలెడు కాబట్టి ఎప్పుడో పోయిన ముత్తాత ఇంకా రైతుగానే కనిపించవచ్చు. అంతిమ ప్రచురణ తేదీని (సర్వే ముగిసి రికార్డు ఖరారైన తేదీ) కూడా రాసుకుంటే ఆ పేరు ఏ కాలం నాటిదో తేలుతుంది.

చిక్కల్లా ఒడియా లిపితోనే. అందులో ఎ, ఏలకు తేడా లేదు, ఒ, ఓలకూ లేదు. మన ‘వ’ భ అయినా అవుతుంది, బ అయినా అవుతుంది. అందుకని వెంకటరావు కోసం రెండు అక్షరాల కిందా చూడాలి. ఇంటిపేరు ముందుండొచ్చు, చివరికీ పోవచ్చు. పేరుతో దొరక్కపోతే ప్లాటు నంబరుతో రండి. 123/1456 లాంటి నంబరయితే గీతకు ముందున్న 123 మూల ప్లాటు. దాన్ని తెరిస్తే దాయాదులు బయటపడే అవకాశం ఎక్కువ. రెండో పేజీలో హద్దుల దగ్గర పక్క రైతుల పేర్లున్నా చూడండి.

రిమార్కుల్లో మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పు) కేసు నంబరు ఉంటే అది బంగారం. వారసత్వం మీద పేరు మారిన కేసయితే ఫైల్లో వారసుల ధ్రువపత్రం ఉంటుంది, దాని నకలు కోసం తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. సైటులోంచి తీసిన ప్రింటు ధ్రువీకరించిన నకలు కాదు.

భూమి లేని కుటుంబాలకు, వాటా రాని ఆడపిల్లలకు ఇందులో చోటు లేదు. అది పెద్ద లోటే. రెండు మూడు తరాల వరకయితే ఈ సైటుకు ఐదుకు మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. అంతకు ముందువాటికి భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. 1936కు ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది, జయపురం వైపు విశాఖపట్నం జిల్లా కింద ఉండేది కనుక చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా చూడాలి. వెళ్ళేముందు ఊరి పేరుతో పాటు అప్పటి తాలూకా, జమీందారీ పేర్లు కూడా రాసుకోండి.