తేమ మిషన్, అత్తమ్మ చెయ్యి: ఒక వానాకాలం వాడినంక

మాది పరకాల దగ్గర పల్లె. నాలుగెకరాల బీపీటీ (సన్నరకం వరి) పెడతం. ఈ వానాకాలం వడ్ల తేమ చూసే చిన్న మిషన్ కొన్న, 5,800 రూపాయలు పడ్డది. నెత్తిన చిన్న గిన్నె ఉంటది, అండ్ల వడ్లు పోసి బటన్ నొక్కితే పది సెకన్లల్ల అంకె వస్తది. ఊర్లె చానామంది కొనాల్నా వద్దా అని అడుగుతున్నరు, అందుకే వివరంగ రాస్తున్న.

పోయినేడాది కొనుగోలు కేంద్రం కాడ మా వడ్లు రెండుసార్లు ఆపిన్రు. సర్కారు లెక్కల తేమ 17 శాతం దాటొద్దు, వాళ్ల మిషన్ల 18.6 వచ్చింది. అత్తమ్మ మాత్రం ముందు రోజు మధ్యాహ్నమే "ఎండినయ్ బిడ్డా, ఎత్తుండ్రి" అన్నది. ముప్పై ఏండ్ల సంది ఆమె చెయ్యే మాకు మిషన్. కుప్పల మోచెయ్యి దాకా దూరుస్తది. గుప్పెడు తీసి చెవి కాడ ఆడిస్తది. రెండు గింజలు ముందటి పండ్ల నడుమ పెట్టి కొరుకుతది, టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగ అణిగితే ఇంకో ఎండ కావాలె. ఆ రోజు అందరి ముందట ఆమె మాట తప్పయ్యేసరికి ఇంటికొచ్చి అన్నం ముట్టలే. చెయ్యి తప్పా, మిషన్ తప్పా తేల్చుకోవాలె అని అప్పుడే అనుకున్న.

ఈసారి మొంథా తుపాను వానలు తగ్గినంక కోసి, కల్లంల నాలుగు పట్టాల మీద ఆరబోసినం. రోజూ పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. ముందు అత్తమ్మ చెప్పాలె, ఆమె అంకె నోట్‌బుక్కుల రాసినంకనే నేను మిషన్ పెట్టాలె. అంకె చూసినంక ఎవరి చెయ్యి అయినా ఆ అంకె దిక్కే పోతది, అందుకే ఈ కట్టుబాటు.

తొమ్మిది రోజుల రాత చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనపడ్డది. పొద్దుగాల అత్తమ్మ చెయ్యి ఎప్పుడూ ఎక్కువ చెప్తది, మధ్యాహ్నం ఎప్పుడూ తక్కువ చెప్తది. ఒక రోజు అవే వడ్లకు పొద్దున "ఇర్వై ఉంటది" అన్నది, రెండింటికి "పదహారుకు దిగింది" అన్నది. మిషన్ల 18.4, 17.7 వచ్చినయి. కొరికి చెప్పిన రోజు మాత్రం ఆమెకు, మిషన్‌కు ఒక్క శాతం కూడా తేడా రాలే.

దీనికి కారణం ఉన్నది. మన తోలుకు తడిని పట్టే నరం అంటూ వేరే లేదు. సల్లదనం, తాకిడి, ఈ రెండింటిని కలిపి మెదడు "తడి" అని తేల్చుకుంటది. చలికాలం పొద్దున దండెం మీది బట్టలు ఆరినా పచ్చిగనే అనిపిస్తయి, అది ఇదే. సల్లదనం కూడా నికరం కాదు. బళ్లె మా సైన్స్ సారు ఒక చెయ్యి వేడి నీళ్లల్ల, ఒకటి సల్ల నీళ్లల్ల పెట్టించి, తర్వాత రెండూ గోరువెచ్చటి గిన్నెల ముంచమనేది. ఒకే గిన్నె ఒక చేతికి సల్లగ, ఇంకో చేతికి వెచ్చగ. కల్లంల జరిగేది కూడా అదే. మంచుల సల్లబడ్డ వడ్లు పచ్చిగ, ఎండకు కాగిన వడ్లు ఎండినట్టు తోస్తయి. ఇగ కొరుకుడు వేరే సంగతి. గింజ గట్టితనం నిజంగనే తేమను బట్టి మారుతది, అందుకే పన్ను చెప్పింది సరిపోయింది. ఇది చెప్తే అత్తమ్మ ముఖం ఎట్ల విప్పారిందో! ఆమెకు తెలిసింది తప్పు కాదు, చూసే యాళ్ల తప్పు.

మిషన్ కూడా నీళ్లను చూడదు, ఇది గుర్తుంచుకోవాలె. గింజల మీద కరెంటు ప్రభావం ఎట్లుంటదో కొలిచి, దాన్ని బట్టి నీళ్లెంతో అంచనా కడతది. అసలు లెక్క ఓవెన్‌ల: తూకం వేసి, పూర్తిగ ఎండబెట్టి, మళ్ల తూకం వేసుడు. కాబట్టి దీనికీ తప్పులున్నయి. మొదటి రోజు నేను వడ్ల కోడ్‌కు బదులు బియ్యం కోడ్ పెట్టిన, అంకె ఎటో పోయింది. ఎండల కాగిన వడ్లు వెంటనే పోస్తే ఒకటి, నీడల అర్ధగంట ఉంచి పోస్తే ఒకటి వచ్చింది. పట్టా పైపొర 16.2 ఉంటే అడుగుపొర 18.1. ఒక్క గుప్పెడుతోని నమ్మొద్దు, నాలుగు మూలల నుంచి తీసి కలిపి, మూడుసార్లు చూడాలె. మిషన్‌తోని వచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషుల ఉన్నది, తెలుగుల ఒక్క ముక్క లేదు. రైతుకు అమ్మే సామానుకు ఇది చానా అన్యాయం.

డబ్బు సంగతి. 20 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లను 17కు ఎండబెడితే 96.4 కిలోలు మిగులుతయి. భయపడి 14 దాకా ఎండబెడితే 93. 2025-26ల ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాకు 2,389, ఆ లెక్కన ఆ 3.4 కిలోలకు 80 రూపాయల పైన పోతది. ఎన్నేండ్లు వాపస్ వస్తయన్న భయంతోని మేము వడ్లను అట్ల ఎక్కువ ఎండగొట్టినమో. ఈసారి 16.6 కాడ ఎత్తినం, కేంద్రంల 16.9 వచ్చింది, ఒక్కసారికే కాంటా అయింది. మిషన్ పైసలు ఒక్క పంటకే వచ్చినయి.

నాలుగో పట్టా సంగతి చెప్పి ఆపుత. మిషన్ల మూడుసార్లు 16.4. నేను బస్తాలు తెమ్మన్న. అత్తమ్మ తూర్పు మూలకు పోయి వంగి వాసన చూసి, "ముక్కిన వాసనస్తుంది, ఆగు" అన్నది. నాకేం వాసన రాలే. ఆమె చేతులతోని గీకి అడుగు తీసింది. పట్టా చినిగిన కాడ కింది నుంచి తడెక్కి, గంపెడు వడ్లు నల్లబడి, తెల్లటి మొలకలు పెట్టినయి. నేను నాలుగు మూలల నుంచి తీసిన గుప్పెళ్లల్ల ఆ జాగ లేదు. ఆ గంపెడు పక్కకు తీసి కోళ్లకు పోసినం, మిగతాది ఇంకో పూట తిరగేసినం.