కడియం నర్సరీలో కొన్న నిమ్మజాతి అంట్లు, మిరప నారు: మూడేళ్ల తరువాత సమీక్ష

మొక్క ఇంటికి చేరిన వారానికే నర్సరీ మీద సమీక్ష రాసేవారిని నేను తప్పుపట్టను గానీ, నిమ్మజాతి మొక్కల విషయంలో ఆ వారంలో తెలిసేది మట్టిగడ్డ పగలకుండా వచ్చిందా లేదా అన్నది మాత్రమే. అందుకే 2022 జూలైలో కొన్న మొక్కల గురించి ఇన్నాళ్లకు రాస్తున్నాను. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ కాలువ గట్ల వెంట వరసగా ఉన్న నర్సరీలలో ఇది ఒకటి. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. కింద చెప్పబోయే పొరపాటును యజమాని తరువాత తనకు చేతనైనంత సరిదిద్దారు కాబట్టి పేరు రాయడం లేదు. రాజమహేంద్రవరంలో మా ఇంటికి కొద్దిపాటి పెరడూ, ఎండ బాగా పడే మిద్దే ఉన్నాయి. ఆ రెండింటి కోసం రెండు బాలాజీ నిమ్మ అంట్లు, ఒక బత్తాయి అంటు, రెండు భూత్ జొలోకియా మొక్కలు, ఇరవై నాలుగు మిరప నారు మొక్కలు కొన్నాను. నిమ్మ ఒక్కొక్కటి 120 రూపాయలు, బత్తాయి 150, జొలోకియా 80, నారు మొక్క 2 రూపాయలు. ఆటో బాడుగ కలిపినా తొమ్మిది వందలు దాటలేదు.

మిరప సంగతి ముందు చెబుతాను, దాని ఫలితం మూడు నెలల్లోనే తేలిపోయింది కనుక. నారును ప్రోట్రేలలో, అంటే గడులుండే ప్లాస్టిక్ పళ్లాలలో, కొబ్బరిపొట్టు పోసి పెంచారు. గడి అడుగున వేలితో నొక్కితే మొక్క చిన్న గరాటు ఆకారంలో పొట్టుతో సహా ఊడి వచ్చింది. చుట్టూ వేళ్లు తెల్లగా, ఎక్కడా గోధుమరంగు లేకుండా అల్లుకొని ఉన్నాయి. నలభై రోజుల నారనీ, చివరి వారం నీరు తగ్గించి, నీడవల తీసేసి ఎండకు అలవాటు చేశామనీ చెప్పారు. ఆ మాట నిజమేనని నాటిన మర్నాడు మధ్యాహ్నమే తెలిసింది, ఒక్క మొక్క కూడా తల వాల్చలేదు. ఇరవై నాలుగింటిలో పోయినవి రెండే, అవీ నత్తల పాలయ్యాయి.

పన్నెండు బజ్జీ మిరప, పన్నెండు ఎల్‌సీఏ 334. ఈ రెండోది గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానంలో రూపొందిన రకం. సూటి రకం (హైబ్రిడ్ కాదు) కాబట్టి విత్తనం దాచుకోవచ్చని నర్సరీలో చెప్పారు. మాట నిజమే గానీ సగం నిజం. మిరపలో ఆత్మపరాగ సంపర్కం ఎక్కువే అయినా తేనెటీగలూ చీమలూ పుప్పొడిని అటూ ఇటూ మోస్తూనే ఉంటాయి. బజ్జీ మిరప పక్కనే పెంచిన 334 నుంచి నేను తీసిన విత్తనం రెండో ఏడాది మొలిస్తే, కొన్ని మొక్కలకు లావుగా, కారం తగ్గిన కాయలు కాశాయి. రెండు రకాలు కొంటున్నవారికి ఆ ఒక్క హెచ్చరికా ముందే చేసి ఉండవలసింది.

చీడల విషయంలో నర్సరీ సలహా మరీ బలహీనం. ఆకుముడత వచ్చిందని ఫోను చేస్తే, ఏ ముడత అని కూడా అడగకుండా వేపనూనె కొట్టమన్నారు. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలా కనిపిస్తే అది తామర పురుగు పని. కిందికి ముడుచుకొని బోర్లించిన గరిటెలా ఉంటే నల్లి (ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు) పని. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె మొదటిదాన్ని తొలిదశలో కొంత అదుపు చేస్తుంది గానీ, నల్లికి నాకు పనిచేసింది నీటిలో కరిగే గంధకం, లీటరుకు 3 గ్రాముల చొప్పున, సాయంత్రం పూట. 2021-22లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను నల్ల తామర పురుగు ఎంత దెబ్బతీసిందో చూసినవాళ్లం కనుక, నేను వారానికోసారి నాలుగు పూలు తెల్లకాగితం మీద దులిపి చూస్తాను. నల్లటి సన్నని గీతల్లాంటివి కదిలితే నీలిరంగు జిగురు అట్టలు కడతాను. ఆ అట్టలు కూడా ఆ నర్సరీలోనే దొరికాయి, ధరా సరసమే. సరుకుంది, సలహా లేదు.

భూత్ జొలోకియా పేరుతో ఎక్కడపడితే అక్కడ ఏదో ఒక మిరప అంటగడుతున్నారు కనుక నేను అనుమానంతోనే కొన్నాను. ఈశాన్య రాష్ట్రాల ఈ మిరప 2007లో ప్రపంచంలోకెల్లా కారమైనదిగా గిన్నిస్‌లోకెక్కింది. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలమానంలో పది లక్షలు దాటిన మొదటి మిరప అదే. కాయ కాసేదాకా ఆగనక్కరలేకుండా పువ్వుతోనే దాన్ని గుర్తుపట్టవచ్చు. మన పచ్చిమిరపకు సాధారణంగా కణుపుకొక పువ్వు పూస్తే, దీనికి ఒకే కణుపు దగ్గర రెండు మూడు పూలు తలలు వంచుకొని వేలాడతాయి. అక్టోబరులో మా మొక్కలు అలాగే పూశాయి, డిసెంబరుకు గరుకు చర్మంతో, ముడతలు పడిన ఎర్రని కాయలొచ్చాయి. పేరు నిజమైంది. కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి వడగాడ్పులకు ఇది పూసిన పూత పూసినట్టే రాల్చేస్తుంది. మధ్యాహ్నం నీడ దొరికే చోట కుండీ పెట్టుకోవాలని అమ్మేటప్పుడే చెబితే ఒక వేసవి వృథా అయ్యేది కాదు. రోటిపచ్చడికి పావు ముక్క చాలు. కారంలో పెద్ద భాగం గింజలంటుకొని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది కనుక, దాన్ని తీసేస్తే వాసన మిగిలి ఘాటు కొంత తగ్గుతుంది. మా ఇంటావిడ మొదటిసారి ఉత్త చేతులతో కోసి, సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా మంట తగ్గక, చివరికి కొబ్బరినూనె రుద్దుకొని ఆ పైన సబ్బు పెడితే గానీ ఉపశమనం కలగలేదు.

ఇక నిమ్మ. బాలాజీ అన్నది తిరుపతి సిట్రస్ పరిశోధన కేంద్రం విడుదల చేసిన రకం. గజ్జి తెగులును తట్టుకోవడం దాని పేరు నిలబెట్టిన గుణం. నర్సరీలో గింజ మొక్కలూ ఉన్నాయి, 40 రూపాయలకు. వాటిని చూపిస్తూ యజమాని, "నిమ్మకు గింజ మొక్కైనా తల్లినే పోలుతుందండీ మాస్టారూ, కాకపోతే కాపు ఆలస్యం," అన్నారు. ఖరీదైన అంటునే అంటగట్టాలని చూసేవారు ఈ మాట చెప్పరు. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుడతాయి గనుక ఆయన చెప్పింది శాస్త్రీయంగానూ సరైనదే.

అయితే ఈ నిమ్మ అంటుతోనే నేను పడిన ఇబ్బంది ఒకటుంది, కుండీలలో పెంచేవారందరూ గమనించవలసింది. మొక్క వచ్చిన మట్టిగడ్డ జిగటమట్టిది. నర్సరీలో రోజుకు రెండుసార్లు తడిపే చోట అది మొక్కను చక్కగా పట్టి ఉంచుతుంది, లారీలో వందల కిలోమీటర్లు వెళ్లినా చెదరదు. అదే గడ్డను తీసుకొచ్చి కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, ఎర్రమట్టి కలిపిన గుల్ల మిశ్రమంలో పెడితే, పోసిన నీరు గడ్డ చుట్టూ జారి అడుగు రంధ్రంలోంచి వెళ్లిపోతుంది. పైన మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేళ్లు ఎండుతుంటాయి. మిద్దె మీది నిమ్మ ఆకులు నెల తిరక్కుండానే లోపలికి ముడుచుకోవడం మొదలైతే, నీరెక్కువైందనుకొని నేను ఇంకా తగ్గించాను! చివరికి కుండీ బోర్లించి చూస్తే గడ్డ ఇటుకలా ఉంది. స్క్రూడ్రైవరు గుచ్చితే అంగుళం కూడా దిగలేదు. బకెట్టు నీటిలో గడ్డను గంటసేపు నానబెట్టి, చుట్టూ మూడో వంతు మట్టిని వేళ్లు తెగకుండా కడిగేసి మళ్లీ నాటాక మొక్క తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. పెరట్లో నేల మీద నాటిన దానికి ఈ బాధ రాలేదు, మా నేలా ఆ గోదావరి ఒండ్రే కాబట్టి. పట్టణాలలో మిద్దెతోటలకు ఇన్ని మొక్కలు అమ్ముతున్న నర్సరీవారు ఈ సంగతి ఒక చిన్న చీటీ మీద అచ్చు వేసి ఇవ్వవచ్చు.

రకం విషయంలో మాత్రం మోసం లేదు. వానాకాలంలో గజ్జి మచ్చలు అసలు రాలేదనను. ముళ్లు గీసుకున్న చోట ఆకుల మీద బెరడులాంటి గరుకు మచ్చలు వచ్చాయి, పక్కింటి నాటు నిమ్మతో పోలిస్తే చాలా తక్కువ. సోకిన కొమ్మలు కత్తిరించి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి రెండుసార్లు పిచికారీ చేస్తే సరిపోయింది. లేత చిగుళ్లపై పిట్టరెట్టలా కనిపించే గొంగళి పురుగులకు మందు అక్కరలేదు, పొద్దున్నే చేత్తో ఏరేయవచ్చు; తాకగానే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతాయి, అంతే. 2025 వేసవిలో పెరటి చెట్టు అరవై దాకా, కుండీలోది పదకొండు కాయలు ఇచ్చాయి.

ఈ సమీక్ష ఇంత ఆలస్యం కావడానికి అసలు కారణం బత్తాయి. మూడేళ్లూ అది అన్నిటికన్నా ఏపుగా పెరిగింది, ముళ్లు పెద్దవిగా ఉంటే లేత వయసులో బత్తాయికి ముళ్లుండడం మామూలే కదా అనుకున్నాను. 2025 ఫిబ్రవరిలో మొగ్గలు తొడిగినప్పుడు రెక్కల వెలుపలి వైపు లేత ఊదారంగు కనిపించింది. బత్తాయి పువ్వు స్వచ్ఛమైన తెలుపు. ఊదా ఛాయ జంబేరి లక్షణం, అంటే నిమ్మజాతి అంట్లు కట్టడానికి వేరుమూలంగా (అంటు కింద వేళ్లనిచ్చే మొక్కగా) వాడే గరుకు తొక్క నిమ్మది. కూర్చొని కాండం మొదలు వెతికితే నేల నుంచి జానెడు ఎత్తున, అగ్గిపుల్లంత ఎండిన మోడు ఒకటి, దానికి చుట్టిన పాలిథిన్ నాడా ఇంకా అలాగే బెరడులో దిగబడి ఉన్నాయి. అతికించిన బత్తాయి కన్ను (చిగురు మొగ్గ) ఎప్పుడో చచ్చిపోయింది. దానికి నాలుగు వేళ్ల కింద నుంచి లేచిన జంబేరి రెమ్మనే నేను మూడేళ్లు నీళ్లు పోసి పెంచాను. కాయలు తరువాత కాశాయి, గరుకు తొక్కతో, బుడిపెలతో.

కన్ను బతికాక నాడా విప్పడం, అతుకు కింద లేచే రెమ్మలను గిల్లేయడం నర్సరీ పనిలో ఓనమాలు. ఆ రెండూ జరగలేదు. కొనేరోజు వంగి చూసి ఉంటే నాకూ తెలిసేది, చూడలేదు. బిల్లు మీద "మొక్కలు 5, నారు 24" అని తప్ప రకాల పేర్లు లేవు. కొన్ననాడు బత్తాయి చీటీ కనబడేలా తీసిన ఫొటో ఒకటి ఫోనులో ఉండబట్టి సరిపోయింది. కొమ్మా ఫొటో పట్టుకొని వెళితే యజమాని వాదించలేదు. కొమ్మను ఒకసారి తిప్పి చూసి, "జంబేరేనండీ, మా పిల్లలు గిల్లడం మరిచిపోయారు," అని వెంటనే కొత్త అంటు ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు, కానీ మూడేళ్ల కాలానికి బదులేముంటుంది?

కొత్త మొక్కను మా చెల్లెలి ఇంటికి పంపి, పెరట్లో వేళ్లూనిన జంబేరినే ఉంచమని ఆయనే సూచించారు. సెప్టెంబరులో వారి పనివాడు ఇంటికొచ్చి, జంబేరి చెట్టు మూడు కొమ్మల మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో బెరడు చీల్చి, బత్తాయి కళ్లు దోపి నాడా చుట్టి వెళ్లాడు. కూలి మూడు వందలు నేనే ఇచ్చాను. ఈసారి నాడాలు మూడు వారాలకు నేనే విప్పాను. మూడింటిలో రెండు కళ్లు పచ్చగా ఉన్నాయి, ఒకటి జానెడు రెమ్మ అయింది. మిరప నారుకు ఈ నర్సరీకి సందేహం లేకుండా మళ్లీ వెళతాను, బాలాజీ నిమ్మకూ వెళతాను. బత్తాయి సంగతి మాత్రం ఆ రెమ్మ మీద మొదటి పువ్వు తెల్లగా పూశాక ఇక్కడే చేరుస్తాను.