పిల్లల ‘ఎందుకు’లకి బొమ్మల పుస్తకాలు: కొన్నేళ్ళు వాడాక నా మాట

మా పాపకి మూడేళ్ళు నిండకముందు నుంచి ఈ ప్రశ్న-జవాబు బొమ్మల పుస్తకాలు కొంటున్నాం, ఇప్పుడు ఒకటో తరగతికి వచ్చింది, ఇంకా తీసి చూస్తూనే ఉంది. మందపాటి అట్ట పేజీలు, ఒక్కో ప్రశ్నకి ఒక చిన్న ఫ్లాప్, ఎత్తితే కింద జవాబు, ఆ రకం. కొనండి అనే చెప్తాను, కాకపోతే చూసి కొనండి.

అన్నిటికన్నా పనికొచ్చింది శరీరం గురించిన పుస్తకం. నాకు రెండో కాన్పుకి నెలలు నిండుతుంటే, "నువ్వు అన్నం తింటే తమ్ముడి నెత్తిన పడదా?" అని నిజంగానే కంగారుగా అడిగింది. నోటితో ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పుస్తకంలో ఫ్లాప్ ఎత్తితే అన్నం వెళ్ళే సంచి పైన, పాపాయి ఉండే సంచి కింద వేరుగా, బొడ్డుతాడుతో సహా గీసి ఉంటాయి. నోటి దగ్గర వేలు పెట్టి గొట్టం వెంబడి కిందికి జరుపుకుంటూ వెళ్ళి, "ఇది ఇటు పోతుంది, తమ్ముడు అటున్నాడు" అని తనే తేల్చుకుంది. జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి, మిగతాదంతా బొమ్మ చెప్పాలి. పేజీ నిండా అక్షరాలున్న పుస్తకాలు మా ఇంట్లో అలమారలోంచి బయటికే రావు.

చందమామ మన బండి వెంటే ఎందుకొస్తాడన్న ప్రశ్నకి కొన్ని పుస్తకాలు "దూరంగా ఉన్నాడు కాబట్టి" అని వదిలేస్తాయి. అది చాలదు. దగ్గరి చెట్టు గబగబా వెనక్కి పోవడం, దూరపు కొండ నెమ్మదిగా జరగడం, 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్న చంద్రుడు అసలు జరిగినట్టే అనిపించకపోవడం పక్కపక్కన గీస్తేనే పిల్లలకి ఎక్కుతుంది.

దిగుమతి పుస్తకాల్లో లోటు ఏంటంటే, మంచు ఎందుకు కురుస్తుందో ఉంటుంది గానీ బల్లి గోడ మీంచి ఎందుకు పడదో ఉండదు, ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి ఎందుకు పొంగుతుందో ఉండదు. బ్రెడ్ పొంగే బొమ్మ ఉన్న పేజీ తెరిచి, పక్కనే మా పిండి గిన్నె పెట్టి బుడగలు చూపించాను. అక్కడ ఈస్ట్, ఇక్కడ ముఖ్యంగా మినప్పప్పుతో పాటు వచ్చే బ్యాక్టీరియా, రెండుచోట్లా పొంగించేది గ్యాసే. తెలుగులో కావాలంటే, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది, అందులో సైన్స్ కథలు కూడా ఉన్నాయి, అన్నీ ఉచితం, పిల్లల చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్‌గా విడదీసి పెట్టారు, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవచ్చు. ఫోన్‌లో చూపిస్తే మాత్రం వేలు వేరే యాప్ మీదికి పోతుంది, అందుకే నేను ప్రింటే తీస్తాను.

మూడేళ్ళలోపు పిల్లలకైతే సన్న కాగితం ఫ్లాపులున్నవి వద్దు, వారం తిరక్కుండా సెల్లోటేప్ వేయాల్సొస్తుంది. అట్ట ఫ్లాపులున్నది, శరీరం మీదది, ముందు అదొక్కటి కొనండి. ధర ఎక్కువే, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోండి, కాకపోతే ఫ్లాపులన్నీ ఉన్నాయో లేదో ఫొటోలు అడిగి చూసుకోండి.