‘నెలకి పది కిలోలు గ్యారంటీ’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు నా సంగతి చదవండి – విజయనగరం

గంటస్తంభం దగ్గర సందులో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. వయసు 41, ఎత్తు 156 సెంటీమీటర్లు. మొన్న వినాయక చవితికి బరువు 74 కిలోలు. ఇవన్నీ ముందే చెప్తున్నానంటే కింద లెక్కలకి కావాలి కాబట్టి. నాకు ఈ బరువు తగ్గించే ప్యాకేజీ అమ్మిన చోటు పేరు రాయను. ఈ మాటలు చెప్పే చోటు అదొక్కటే అయితే రాసేదాన్నేమో. శ్రీకాకుళంలో మా ఆడపడుచుకీ ఇదే మాట చెప్పారు, ఇలాంటి డబ్బాలే చూపించారు. బోర్డు రంగు ఒక్కటే తేడా.

మా తమ్ముడి కూతురి నిశ్చితార్థం దసరా వెళ్ళిన వారంలో పెట్టుకున్నారు. మేనత్తని, ఫోటోల్లో ముందు వరసలో ఉండాలి. అదే సమయానికి షాపులోకి ఒక కరపత్రం వచ్చింది: నెల రోజులు, పది కిలోలు, గ్యారంటీ. ఏడు వేల ఐదు వందలకి రెండు పొడి డబ్బాలు, ఒక డైట్ కాగితం, ఒక వాట్సాప్ గ్రూపు. వెళ్ళాను. బరువు చూసే మిషన్ ఎక్కించారు, వయసూ ఎత్తూ అడిగి రాసుకున్నారు. కాగితం మాత్రం అప్పటికే జిరాక్స్ తీసి కట్టగా పెట్టుంది. నాకిచ్చిందీ, నా పక్కన కూర్చున్న ఆరడుగుల పోలీసాయనకి ఇచ్చిందీ ఒకటే కాగితం. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఒకే కొలతతో ఊళ్ళో అందరికీ జాకెట్లు కుడతానంటే నన్ను ఎవరైనా షాపులో ఉంచుతారా?

ఆ కాగితంలో ఉన్నది ఇది. పొద్దున్న నీళ్ళలో ఒక చెంచా పొడి. పదకొండింటికి ఒక జామకాయ. మధ్యాహ్నం రెండు పుల్కాలు, నూనె లేని కూర, గ్లాసుడు మజ్జిగ. సాయంత్రం రెండు గుడ్ల తెల్లసొన. రాత్రి మళ్ళీ పొడి, కాస్త సూపు. అన్నం అన్న మాటే లేదు, చోడి (రాగి) అంబలి కూడా వద్దన్నారు. ‘ఆకలేస్తోందంటే కొవ్వు కరుగుతున్నట్టే మేడమ్’ అన్నాడు కోచ్. ఎంత ధీమాగా అన్నాడంటే, ఆకలేసినప్పుడల్లా నేను సంతోషపడ్డాను.

మొదటి వారం 3 కిలోల 200 గ్రాములు తగ్గాను. గ్రూపులో నా పేరు పెట్టి చప్పట్లు కొట్టారు. నేనూ ఇంకో ఇద్దరిని చేర్పించాను, అదే ఇప్పటికీ బాధ. రెండో వారం 1,400 గ్రాములు, మూడో వారం 900, చివరి వారం 400. మొత్తం 5 కిలోల 900. పది కాలేదేంటని అడిగితే, మీరు మధ్యలో ఏదో తిన్నారు మేడమ్ అన్నాడు. పైగా కొవ్వు కరిగించే మాత్రలట, ఇంకో 1,800 అట. గ్యారంటీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘డైట్ పూర్తిగా పాటించినవారికి మాత్రమే’ అని ఉంది. అది మా అమ్మాయి కనిపెట్టింది. నా కళ్ళకి ఆనలేదు.

ఆ నెల ఎలా గడిచిందో చెప్పాలి. దసరా సీజను మాకు ఊపిరాడనివ్వదు. మూడో వారంలో ఒకావిడ పట్టు జాకెట్టు ముక్క కట్ చేస్తున్నాను. వెనక మెడ లోతు తొమ్మిది, ముందు మెడ ఆరున్నర. పుస్తకంలో నా చేత్తో రాసుకున్నదే. ముందు ముక్క మీద సుద్దతో తొమ్మిది గీసి, కత్తెర పెట్టేశాను. ఇరవై ఏళ్ళలో అలాంటి తప్పు చేయలేదు. కత్తిరించాక కూడా రెండు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాను, ఏం తప్పు జరిగిందో బుర్రకి తట్టలేదు. ముక్క ఖరీదు 1,400 ఆవిడకి కట్టాను. అది కూడా ప్యాకేజీ ధరలో కలుపుకుంటున్నాను.

పైడితల్లమ్మ సిరిమాను నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డాం. సిరిమాను ఇంకా కదలకముందే నాకు కళ్ళు తిరిగాయి. ఒక కొట్టు మెట్టు మీద కూలబడితే ఎవరో తల్లి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. ఏటా చూసే సిరిమానుని ఈసారి జనం కాళ్ళ సందుల్లోంచి చూశాను. మా బ్యాచ్‌లో షుగర్ మాత్రలు వేసుకునే ఒకావిడది ఇంకా ఘోరం. ఇంట్లో పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, షుగర్ బాగా పడిపోయిందన్నారు. మాత్రలు అలాగే ఉంచి తిండి సగానికి పైగా కోసేస్తే అదే జరుగుతుంది. చేర్చుకునేటప్పుడు ఆవిడని మందుల సంగతి అడిగిన నాథుడు లేడు.

అసలు మోసం ఎక్కడుందో నాకు చూపించింది నా టేపే. నిశ్చితార్థానికి నా ఆది జాకెట్టు తీసి కొలతలు సరిచూసుకున్నాను. చవితి ముందు రాసుకున్న చేతి లూజు పన్నెండున్నర. ఇప్పుడు పదకొండుంపావు. నడుము తగ్గింది ముప్పాతిక అంగుళమే. ఆరు కిలోలు పోయి నడుము ముప్పాతిక, చెయ్యి అంగుళంపావు! కొండవెలగాడ నుంచి నా దగ్గరికి ఒకమ్మాయి వస్తుంది, ఒకప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ చేసిన పిల్ల. ఆ ఊళ్ళో ఆడపిల్లలు బరువులెత్తడం కొత్తేం కాదు కదా. నా పుస్తకం చూసి, ‘అప్పా, నీకు కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోయింది’ అంది. పోటీలకి బరువు తగ్గించుకోవడం వాళ్ళకి మామూలే. మరీ తొందరపడితే బారు ఎత్తే బలం కూడా పోతుందని వాళ్ళకి చిన్నప్పుడే చెప్తారట.

ఆ రాత్రి మా అమ్మాయి, ఆ పిల్లా కలిసి లెక్క కట్టారు. దయచేసి మీరూ కట్టుకోండి, ఐదు నిమిషాల పని.

ముందు శరీరం ఊరికే బతకడానికి ఎంత ఖర్చు పెడుతుందో చూడాలి. ఆడవాళ్ళకైతే కిలోల్లో బరువుని పదితో, సెంటీమీటర్లలో ఎత్తుని ఆరుంపావుతో గుణించి కలిపి, అందులోంచి వయసుకి ఐదు రెట్లూ, ఇంకో 161 తీసేయాలి. మగవాళ్ళకైతే 161 తీసే బదులు 5 కలపాలి. 1990 నుంచి డైటీషియన్లు వాడుతున్న మిఫ్లిన్ సూత్రం ఇది. నాకు 740 కలపడం 975, తీసేయడం 205, తీసేయడం 161. మొత్తం 1,349 కేలరీలు. రోజంతా కూర్చునేవాళ్ళు దీన్ని 1.2తో, కాస్త తిరిగేవాళ్ళు 1.375తో గుణించాలి. నాది మిషన్ మీద కూర్చునే పని, ఇంటిపని వేరే, మధ్యలో 1.3 వేశాం. 1,750 చిల్లర వచ్చింది. అంటే రోజుకి అంత తింటే నా బరువు ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు గ్యారంటీ సంగతి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. పది కిలోలంటే 77,000. నెల రోజులకి పంచితే రోజుకి 2,560కి పైన తక్కువ తినాలి. నేను మొత్తం ఖర్చు పెట్టేదే 1,750 అయితే 2,560 ఎక్కడినుంచి కోస్తారు? నెలంతా మంచినీళ్ళు తాగి పడుకున్నా ఈ లెక్కన ఏడు కిలోల కొవ్వు కూడా కరగదు. ఏడు వేల ఐదు వందలు కట్టేముందు ఈ ఒక్క భాగహారం చేసుంటే చాలేది.

వాళ్ళ కాగితం మొత్తం కలిపితే 600 కేలరీలు. అంటే రోజుకి 1,150 లోటు. నెలకి నాలుగున్నర కిలోలు, అది కూడా పోయిందంతా కొవ్వే అనుకుంటే. మరి మొదటి వారంలో పోయిన మూడు కిలోలేంటి? చాలావరకు నీళ్ళు. అన్నం మానేస్తే ఒంట్లో నిలవ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దాన్ని పట్టుకున్న నీరు ఒక గ్రాముకి మూడు గ్రాములదాకా ఉంటుంది, అదీ పోతుంది. ఇలాంటి ప్యాకేజీలన్నీ మొదటి వారం ఫోటోలే గ్రూపులో పెడతాయి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

చివరి వారం 400 గ్రాముల దగ్గర ఎందుకు ఆగిందో కూడా అర్థమైంది. నేను దొంగతనంగా ఏమీ తినలేదు. తిండి మరీ తగ్గితే ఒళ్ళు కూడా ఖర్చు తగ్గించుకుంటుంది. ఆ రోజుల్లో ఇస్త్రీకి లేవాల్సి వస్తే లేచేదాన్ని కాదు, పనిపిల్లని కేకేసేదాన్ని. మిషన్ మీదే తల వాల్చేదాన్ని. అది బద్ధకం అనుకున్నాను. రాత్రిళ్ళు పడుకుని పనసపొట్టు కూర, దిబ్బరొట్టె వీడియోలు చూసేదాన్ని, ఇదేం పిచ్చో అనుకున్నాను. 1944–45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడట. రోజుకి సుమారు 1,570 కేలరీలు. వాళ్ళు నీరసపడి, చిరాకుపడి, తిండి తప్ప మరో ధ్యాస లేకుండా వంట పుస్తకాలు చదువుతూ కూర్చున్నారట. నాకిచ్చింది అందులో సగం కూడా లేదు. 800 లోపు తిండి డాక్టరు చూస్తుండగా చేయాల్సిందే తప్ప వాట్సాప్‌లో చేసేది కాదు. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం కూడా పెరుగుతుందని తర్వాత మా డాక్టరమ్మ చెప్పింది.

మానేసిన ఆరు వారాలకి 68 నుంచి మళ్ళీ 72 దాటాను. డిసెంబరులో జుట్టు ఊడటం మొదలైంది, దువ్వెనకి గుప్పెళ్ళు. ఇలాంటి డైట్ చేసిన రెండు మూడు నెలలకి ఊడుతుందట, మళ్ళీ వస్తుందిలే అంది డాక్టరమ్మ. ఇంకా చూస్తున్నాను.

మరి ఎంత లోటు పెట్టుకోవాలి? మన ఖర్చులో ఐదో వంతు, అంటే నాకు 350. మామూలుగా 300 నుంచి 500 మధ్య చెప్తారు. బాగా బరువున్నవాళ్ళు కాస్త ఎక్కువ తట్టుకుంటారు, ఐదారు కిలోలే తగ్గాల్సినవాళ్ళు ఇంకా తక్కువ పెట్టుకోవాలి. వారానికి మన బరువులో ఒక శాతం లోపు పోతే దారిలో ఉన్నట్టు. పోలీసాయనకీ నాకూ ఒకే కాగితం ఇవ్వడం అందుకే తప్పు. నా ఖర్చు 1,750 అయితే ఆయనది ఎంత లేదన్నా ఇంకో ఏడెనిమిది వందలు ఎక్కువ ఉంటుంది. సూత్రం చెప్పేది కూడా అంచనాయే. రెండు వారాలు మామూలుగా తింటూ రోజూ పొద్దున్నే బరువు చూసి వారం సగటు రాసుకుంటే మన అసలు లెక్క తెలుస్తుంది. ఒక్కరోజు అంకె చూసి టెన్షన్ పడొద్దు, ముందురోజు ఆవకాయ తిన్నా అర కిలో పైకి చూపిస్తుంది.

నా వంటింట్లో 370 కేలరీలు ఎక్కడ దొరికాయంటే: షాపులో మూడు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార, అది మానితే 120. నా వాటా కూరల్లో రోజుకి ఒక పెద్ద చెంచా నూనె తగ్గిస్తే 120. రాత్రి అన్నంలో వంద గ్రాములు తగ్గిస్తే 130. అంతే, డబ్బా లేదు, పొడి లేదు. చోడి అంబలి మళ్ళీ మొదలుపెట్టాను. కండ పోకుండా గుడ్లు, చేపలు, ఉలవలు, పెరుగు పెంచాను. కొండవెలగాడ పిల్ల చెప్పినట్టు వారానికి మూడు రోజులు నీళ్ళ బిందెతోనే గుంజీలు తీస్తున్నాను, మా ఆయన నవ్వుతాడు. ఎనిమిది వారాల్లో 72.3 నుంచి 70.1కి వచ్చాను. నడుము అంగుళంన్నర తగ్గింది, చేతి లూజు పదకొండుంపావు నుంచి పావు పెరిగింది.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్క కూడా సొంతంగా మొదలుపెట్టకండి, మీ డాక్టరుని అడగండి.

డబ్బు సంగతి. కచ్చా చీటీ ఇస్తే ఒప్పుకోకండి, బిల్లు అడగండి. నా దగ్గర ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి సరిపోయింది. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార పదార్థాలకి లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ) 14 అంకెల నంబరు ఉందో లేదో చూడండి. నా డబ్బా మీద ఆ చోట ఇంకో స్టిక్కరు అంటించి ఉంది. నంబరు ఉన్నంత మాత్రాన బరువు తగ్గిస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు, తయారీకి లైసెన్సు ఉందని మాత్రమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు.

నేను 1915కి చేశాక పది రోజులకి కోచ్ ఫోన్ చేసి, మూత తీయని డబ్బా వెనక్కిస్తే 2,600 ఇస్తానన్నాడు. తీసుకున్నాను. మిగతాదానికి కమిషన్ కాగితాలు మా అమ్మాయి రాస్తోంది. ఖాళీ అయిన రెండో డబ్బాలో హుక్కులు పోసుకున్నాను. మూత మాత్రం గట్టిది.