వర్డ్‌ప్రెస్ ప్లగిన్ హ్యాండ్‌బుక్: ప్లగిన్లు రాయాలనుకుంటే ముందు ఇది చదవండి

వర్డ్‌ప్రెస్ సైట్‌కి కొత్త పనులు జోడించే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు, అవి రాయడం నేర్చుకోవడానికి నేను మొదట డబ్బులు కట్టి ఒక వీడియో కోర్సు తీసుకున్నా, పేరు వద్దులెండి. అందులో పాఠం చెప్పేవాయన టైప్ చేస్తుంటే మనమూ టైప్ చేయడమే, ప్లగిన్ పనిచేసేది కానీ ఎందుకు పనిచేస్తోందో తెలిసేది కాదు. కోర్సు అయ్యాక సొంతంగా ఒక చిన్నది మొదలుపెట్టా, ప్రతి పోస్టు పైన చదవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూపించే ప్లగిన్. యాక్టివేట్ చేసి చూస్తే టైటిల్ ఉంది, నిమిషాల లైన్ ఉంది, దాని కింద పోస్టు మొత్తం మాయం! ఏ పోస్టు తెరిచినా అంతే. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నా.

జవాబు ఈ హ్యాండ్‌బుక్‌లో హుక్స్ చాప్టర్‌లో దొరికింది. ఇది వర్డ్‌ప్రెస్ వాళ్ల డెవలపర్ సైట్‌లోనే ఉంటుంది, పూర్తిగా ఫ్రీ. హుక్స్ అంటే వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడ్ తగిలించుకునే చోట్లు, అవి రెండు రకాలు, యాక్షన్, ఫిల్టర్. యాక్షన్ అంటే ఫలానా టైంకి నా పని కూడా చేసెయ్ అని చెప్పుకోవడం, తిరిగి ఇచ్చేదేం ఉండదు. ఫిల్టర్ అలా కాదు, వర్డ్‌ప్రెస్ మన చేతిలో ఒకటి పెడుతుంది, మార్చినా మార్చకపోయినా దాన్ని తిరిగి ఇచ్చేయాల్సిందే. పోస్టులోని రాతని మన చేతికిచ్చే ద కంటెంట్ ఫిల్టర్‌లో నేను నిమిషాలు ఎకో చేసి, అంటే పేజీ మీద చూపించి ఊరుకున్నా, ఆ రాతని తిరిగి ఇచ్చే రిటర్న్ రాయలేదు, అందుకే పోస్టు కనబడలేదు. డేటాబేస్‌లో మాత్రం అంతా భద్రంగానే ఉంది. ఒక్క లైన్‌తో సరిపోయింది. అంత పెద్ద కోర్సులో ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పలేదు, నాకు నిజంగా బాధేసింది.

సెక్యూరిటీ చాప్టర్ అయితే బంగారం, దయచేసి దాటేయొద్దు. యూజర్ పంపింది లోపలికి తీసుకునేటప్పుడు శానిటైజ్ చేయాలి, అంటే అక్కర్లేనివి తీసేసి శుభ్రం చేయాలి, బయట చూపించేటప్పుడు ఎస్కేప్ చేయాలి, అంటే అది కోడ్‌లా పనిచేయకుండా మామూలు రాతగా మార్చాలి, ఈ రెండూ వేర్వేరు పనులు. ఫారంలో నాన్స్ (ఫారంతో పాటు వెళ్లే ఒక టోకెన్) పెట్టాం కదా అని పర్మిషన్ చెక్ మానేయకూడదు, ఎందుకంటే నాన్స్ చూసేది రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందా అని, ఆ మనిషికి ఆ పని చేసే హక్కు ఉందా లేదా అన్నది కరెంట్ యూజర్ క్యాన్ ఫంక్షన్‌తో మనమే చూసుకోవాలి. డీయాక్టివేట్‌కీ అన్‌ఇన్‌స్టాల్‌కీ తేడా కూడా ఈ హ్యాండ్‌బుక్‌లోనే తెలిసింది, యూజర్ కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు కాబట్టి సెట్టింగ్స్ చెరిపేసే పని అన్‌ఇన్‌స్టాల్‌లోనే పెట్టాలి.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, ఇది పీహెచ్‌పీ, అంటే ప్లగిన్లు రాసే ప్రోగ్రామింగ్ భాష, నేర్పే పుస్తకం కాదు. నిమిషాల లెక్కకి నేను స్ట్రింగ్ వర్డ్ కౌంట్ ఫంక్షన్ వాడితే తెలుగు పోస్టులకి సున్నా పదాలు అని వచ్చింది, అది తెలుగు అక్షరాల్ని అక్షరాలుగా గుర్తించదు. ఖాళీల దగ్గర విడగొట్టి లెక్కపెడితే లెక్క సరిగ్గా వచ్చింది. ఇలాంటివి హ్యాండ్‌బుక్‌లో వెతక్కండి, ఫంక్షన్లు, అర్రేలు వరకైనా వచ్చాకే దీని జోలికి రండి.

మొదలుపెట్టడం తేలికే, ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఒక పీహెచ్‌పీ ఫైల్, పైన కామెంట్‌లో ప్లగిన్ పేరు, తప్పనిసరి అదొక్కటే. కాకపోతే జనం వచ్చే సైట్‌లో కాకుండా మీ కంప్యూటర్‌లో ఒక టెస్ట్ సైట్ పెట్టుకుని, కోడ్‌లో తప్పులు చూపించే డబ్ల్యూపీ డీబగ్ సెట్టింగ్ ఆన్ చేసుకుని చేయండి.