లైమన్ 4500 లూబ్‌సైజర్: తప్పు మెషీన్‌ది కాదు, లోతు మరది

సీసం కరిగించి సొంతంగా బుల్లెట్లు పోసుకునే అమెరికా షూటర్లకి లైమన్ పేరు కొత్తేం కాదు. 1925లో బుల్లెట్ అచ్చులు చేసే ఐడియల్ కంపెనీని కొన్నప్పటి నుంచి ఈ పోత సామాను వీళ్ల చేతిలోనే ఉంది. (మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి ఇది అక్కడుంటున్నవాళ్లకి.) ఒక్కసారి హ్యాండిల్ దించితే వాళ్ల 4500 ప్రెస్ బుల్లెట్‌ని కొలతకి తెస్తుంది, బుల్లెట్ చుట్టూ ఉన్న గాడిలో లూబ్ (బారెల్‌లో జారేందుకు వాడే మైనం లాంటి గ్రీజు) నింపుతుంది, గ్యాస్ చెక్ (అడుగున తొడిగే చిన్న లోహపు టోపీ) పెడితే దాన్నీ బిగిస్తుంది.

డై (బుల్లెట్‌ని కొలతకి నొక్కే ఉక్కు గొట్టం), టాప్ పంచ్ (బుల్లెట్ ముక్కుని పై నుంచి తోసే కడ్డీ) విడిగా కొనుక్కోవాలి. ఆర్‌సీబీఎస్ అనే మరో కంపెనీ లూబ్-ఎ-మాటిక్ ప్రెస్ డైలు ఇందులో సరిపోతాయి. డై కొనే ముందు బారెల్ గ్రూవ్ కొలత (బారెల్ లోపలి మెలి గాళ్ల అడుగు నుంచి అడుగుకి ఉన్న వ్యాసం) తెలియాలి. గుండు తీసేసిన ఖాళీ బారెల్‌లోంచి మెత్తటి సీసం ముక్కని తోసి, మైక్రోమీటర్‌తో కొలవండి. వెర్నియర్ ఈ పనికి చాలదు. ఆ కొలతకి 0.001 నుంచి 0.002 అంగుళం ఎక్కువ ఉన్న డై కావాలి. .38 స్పెషల్ తూటాకి మామూలుగా .358 అంగుళం, .45 ఏసీపీ తూటాకి .452. గట్టి మిశ్రమం డైలోంచి బయటికి రాగానే కాస్త తిరిగి ఉబ్బుతుంది, అందుకే డై మీద అంకెని కాదు, బుల్లెట్‌ని కొలిచి నమ్మండి. పోసిన బుల్లెట్ మరీ లావుగా ఉంటే ఒకే దెబ్బకి 0.003 అంగుళం మించి తగ్గించకండి. పక్కల సీసం చెక్కుకుపోతుంది.

ఇక అసలు సంగతి. ఈ ప్రెస్ పనితీరు మన జంతికల గొట్టం లాంటిదే: పక్కనున్న గొట్టంలోని లూబ్‌ని మర ఒత్తుతుంది, అది డై చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ చిల్లులకి ఎదురుగా బుల్లెట్ గాడి నిలబడాలి. ఎక్కడ నిలబడాలో తేల్చేది అడుగున ఉండే లోతు మర. కొత్తవాళ్లు దాన్ని వదిలేసి ఒత్తిడి మరనే తిప్పుతూ ఉంటారు. లూబ్ ముక్కు మీద చిమ్ముతుంది, అడుగున నెయ్యి పూసినట్టు అంటుకుంటుంది, తిట్లన్నీ మెషీన్‌కి పడతాయి.

సరిచేసే వరస ఇది. ముందు లూబ్ ఒత్తిడి పూర్తిగా వదిలేయండి. లోతు మరని పైకి తెచ్చి, బుల్లెట్ తక్కువ లోతుకే దిగేలా పెట్టండి. ఒకటి దించి తీసి చూడండి. తర్వాత కొంచెం ఒత్తిడి ఇచ్చి, అర చుట్టు చొప్పున లోతు పెంచుతూ ప్రతిసారీ గాడిని చూడండి. కింది గాడి అంచు నుంచి అంచు దాకా నిండిన చోట ఆగి, లాక్ నట్ బిగించండి. 358429 నంబర్ లైమన్ అచ్చులో పోసే కీత్ రకం బుల్లెట్‌కి లూబ్ గాడి ఒక్కటే, దాని పైన క్రింప్ గాడి (తూటా గొట్టం అంచుని లోపలికి నొక్కి బిగించే గాడి). క్రింప్ గాడిలో కూడా లూబ్ కనబడిందంటే లోతు ఎక్కువైందనే అర్థం: పై చిల్లులు ఆ గాడికి ఎదురుపడుతున్నాయి. లోతు కాస్త తగ్గించినా పోకపోతే డైలో చిల్లుల వరసలు బుల్లెట్‌కి ఎక్కువైనట్టు. కొందరు ఆ పై చిల్లుల్లో చిన్న సీసపు గుళ్లు కొట్టి మూసేస్తారు. అది పనికొస్తుంది, కానీ ఆ డై ఇక ఆ ఒక్క బుల్లెట్‌కే.

లోతు కుదిరాక ఒత్తిడి పెద్ద విషయం కాదు. నాలుగైదు బుల్లెట్లకోసారి పావు చుట్టు. హ్యాండిల్‌ని కిందనే ఒక సెకను ఆపితే గాడి నిండుతుంది. గాడిలో ఒక పక్క నిండి ఒక పక్క బోసిగా ఉంటే గొట్టంలో గాలి చేరిందనో, లూబ్ చల్లగా ఉందనో చూడండి. బుల్లెట్ అడుగున లూబ్ వలయం కనబడితే ఒత్తిడి ఎక్కువైంది. దాన్ని తుడవకుండా కార్ట్రిడ్జ్‌లో పెడితే పౌడర్ అంటుకుంటుంది.

హీటర్ ఉన్న మోడల్ తీసుకోవాలా అంటే, మీ లూబ్‌ని బట్టి. తేనె మైనం, ఆలాక్స్ (పెట్రోలియం నుంచి వచ్చే జిగట కందెన) సమపాళ్లలో కలిపిన మెత్తటి లూబ్‌కి మామూలు గది వేడి చాలు, హీటర్ పెడితే కారిపోతుంది. కార్నాబా మైనం (తాటి జాతి చెట్టు ఆకుల గట్టి మైనం) కలిసిన గట్టి రకాలు వేడి లేకుండా కదలవు. హీటర్ పెట్టాక పదిహేను నిమిషాలు ఆగండి. చల్లగా ఉన్న మైనం మీద మర బిగిస్తే తెగేది మర పళ్లే.

టాప్ పంచ్ బుల్లెట్ ముక్కుకి సరిపడేదే కొనండి. సరిపడకపోతే ముక్కు అణుగుతుంది, బుల్లెట్ వంకరగా దిగి ఒక పక్కే చెక్కుకుపోతుంది. పంచ్ స్క్రూని కాస్త వదులుగా ఉంచి, ఒక బుల్లెట్ దించి, ఆ నిలకడలోనే బిగిస్తే పంచ్ నడిమికి సర్దుకుంటుంది.

వేగంలో మాత్రం స్టార్ అనే ఇంకో రకం లూబ్‌సైజర్ ప్రెస్ దీన్ని దాటేస్తుంది. అది బుల్లెట్‌ని ముక్కు కిందికి పెట్టి నేరుగా తోసేస్తుంది, మళ్లీ పైకి లాగే పని లేదు. నెలకి రెండు మూడు వందలు చేసుకునేవాళ్లకి 4500 చాలు. వేలల్లో చేసేవాళ్లు స్టార్ వైపు చూడాలి.

పని ముగిశాక ఒత్తిడి మరని ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పండి, లేకపోతే రాత్రంతా డై చుట్టూ లూబ్ ఊరుతూనే ఉంటుంది. బల్లకి బోల్టులు వేసే బిగించాలి, క్లాంపులు జారతాయి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా టీ కప్పు కూడా పట్టుకోవద్దు.